వానికి సమాధానము లేదు

ఫిబ్రవరి 9

తమ్ముడూ,

ఫోన్‌లో అయితే రెండో మాటకే ఇద్దరం కయ్యానికి దిగుతాం. అందుకని కాగితం పట్టుకున్నాను. దీనికి నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు, విసుగొచ్చి పెట్టేయలేవు. నువ్వు కూడా రాయి. నీ చేతిరాత ఎంత అధ్వాన్నమో మర్చిపోయి చాలా కాలమైంది.

నాన్నకి పక్షవాతం వచ్చిన రోజు నేను ఫోన్ చేస్తే, "నేను వస్తే ఆయనకి రెండోసారి వస్తుంది" అన్నావు. ఆ మాట నాకింకా మింగుడు పడలేదు. అయినా నాన్న సంగతి నీకు కాక ఎవరికి చెప్పుకోను?

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశాం. కుడి చెయ్యి, కుడి కాలు లేవనే అనుకోవాలి. చర్చి క్వార్టర్స్ సంగతి నీకు తెలిసిందేగా, లోపలి గదిలో మంచం తిరగదు. అందుకని ముందు గదిలో కిటికీ పక్కన వేశాం. నేను షాపుకి సగం పూటే వెళ్తున్నాను. కళ్లద్దాలు బిగించేవాళ్లు దొరకరు కాబట్టి ఓనరు ఏమీ అనలేక ముఖం గంటు పెట్టుకుని తిరుగుతున్నాడు.

రోజూ పొద్దున వడ్రంగి మావయ్య వచ్చి నాన్నకి గడ్డం గీసి, పక్కకి తిప్పి, దుప్పటి మార్చి వెళ్తాడు. అవును, ఆ మావయ్యే. మొదటి భార్య బతికుండగా ఇంకో పెళ్లి చేసుకున్నాడని నాన్న పాస్టరుగా సంఘం ముందు లేచి, ప్రభువు బల్లలో అందరికీ పంచే రొట్టె తీసుకోకుండా తప్పించిన మావయ్యే. "మీకు కోపం లేదా" అంటే, "అయ్యగారికి నా పెళ్లంటే పడదు గానీ నా కత్తంటే పడుతుందమ్మా" అని నవ్వాడు.

మాట పడిపోయిందన్నాను కదా, తిరిగి వచ్చింది. కానీ ఎంత విచిత్రంగా వచ్చిందో చూడు. ఇంట్లో మాట్లాడే మాటలు ఒక్కటీ రాలేదు, ప్రసంగంలో వాడే మాటలే వచ్చాయి. ఫ్యాను ఆపమనడానికి "గాలిని గద్దించుము" అంటారు. ఉప్పు లేని సూప్ నోట్లో పెడితే "నిస్సారము" అని మూతి తిప్పుకుంటారు. చేతికి వ్యాయామం చేయించడానికి ఒకావిడ వస్తుంది. ఆవిడ గుమ్మంలో కనిపించగానే "శ్రమపెట్టునది వచ్చెను" అంటారు. ఆవిడేమో దీవిస్తున్నారనుకుని చేతులు జోడిస్తుంది. నాకు నవ్వాగదు. తర్వాత వంటగదిలోకి వెళ్లి ఏడుస్తాను.

ఏళ్ల తరబడి పలికి నోటికి బాగా అలవాటైన మాటలే మిగులుతాయని డాక్టరమ్మ చెప్పింది. మనతో మాట్లాడిన మాటలు ఆయన నోటికి అంత అలవాటు కాలేదన్నమాట. ఇలా అన్నానని దెప్పకు.

నువ్వు వస్తే బాగుంటుంది. ఒక్కడివే కాదు, మరదలు, పాప కూడా. ఎందుకు రావాలో చెప్పను, చెబితే హెడ్‌మాస్టర్ అంటావు.

అక్క

*

ఫిబ్రవరి 20

హెడ్‌మాస్టర్ గారికి,

నీ శిష్యుడు క్షేమం. చేతిరాత గురించి ఫిర్యాదులు ఏమైనా ఉంటే మూడో తరగతి టీచరుకి చెప్పుకో.

ఇక్కడ ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టుల మరమ్మతంతా మా నెత్తిన పడింది. లిఫ్టు అడుగున గుంత ఉంటుంది, అందులో దిగి శుభ్రం చేస్తుంటే ఏమేం దొరుకుతాయో నువ్వు నమ్మవు. తాళాలు, జడపిన్నులు, ఒక పళ్లసెట్టు. ఆ పళ్లసెట్టు కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు. మావాళ్లు నన్ను పాస్టర్ అని పిలుస్తారు, రోజంతా జనాన్ని పైకి పంపిస్తుంటానని. నాన్నకి చెప్పకు, నవ్వరు.

"గాలిని గద్దించుము" చదివి నేనూ నీ మరదలూ పడీ పడీ నవ్వాం. నవ్వు ఆగాక నేను బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. తను నా వెనక రాలేదు. ఎప్పుడు రాకూడదో తనకి తెలుసు.

అక్కా, మా పెళ్లయ్యాక ఆ ఆదివారం నువ్వు ఆడవాళ్ల వైపు వెనక వరసలో ఉన్నావు, నీకు సరిగ్గా కనిపించి ఉండదు. నేను బల్ల దగ్గర మోకాళ్ల మీద ఉన్నాను. తల వంచుకున్నాను కాబట్టి నాన్న పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. రొట్టె పళ్లెంతో ఒక్కొక్కరి ముందు ఆగుతూ నా ముందుకి వచ్చి ఆగారు. చేతులు చాపాను. పాదాలు పక్కకి జరిగాయి. నా పక్కాయన రొట్టె నములుతున్న చప్పుడు విన్నాను.

నీ మరదలిని మొదటి మొగుడు ఎలా కొట్టేవాడో నాన్నకి తెలుసు. కోర్టు విడాకులిచ్చిందనీ తెలుసు. ఇంటికొచ్చి అడిగితే, "వడ్రంగిని తప్పించిన చేత్తో నా కొడుక్కి ఎలా ఇవ్వనురా? దేవుడు ముందు, ఇల్లు తర్వాత" అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆయనకి నిజంగానే దేవుడు ముందు. దొంగ భక్తుడైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. నిజం కాబట్టే ఇంత కాలుతోంది.

రావాలని ఉంది. సెలవు అడిగాను, ఇచ్చారు. పాపకి గౌను కూడా కొన్నాం. కానీ అంత దూరం వచ్చాక, పాప చూస్తుండగా, ఆ పాదాలు మళ్లీ పక్కకి జరిగితే నేను తట్టుకోలేను. అందుకని ఆయన్ని ఒక్కటే అడుగు. మేం ముగ్గురం వస్తే గుమ్మంలోకి రానిస్తారా? నాకు ఆయన నోటి నుంచే సమాధానం కావాలి.

నువ్వు తియ్యగా మార్చి రాస్తావు, చిన్నప్పటి నుంచీ నీ పని అదే. నాన్న నన్ను కొట్టబోతే "దోమని తోలుతున్నారురా" అనేదానివి. ఈసారి వద్దు. ఆయన ఏమంటే అది, అక్షరం పొల్లుపోకుండా రాయి. నీ మాట ఒక్కటి కూడా కలపకు.

తమ్ముడు

*

మార్చి 3

తమ్ముడూ,

ఆదివారం ఆరాధన అయ్యి, పలకరించడానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. పాదాల సంగతి కూడా వదల్లేదు. కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత నువ్వు అడగమన్నది అడిగాను.

చాలాసేపు పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ఎడమ చేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకున్నారు. ఆఖరికి అన్నారు.

"వానికి సమాధానము లేదు."

ఇంకోసారి కూడా అదే అన్నారు. నీకు రాయమని కాగితం వైపు చూపించారు.

నీ గురించి ఆయన నోట ఇలాంటి మాట వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. నా మాట కలపొద్దన్నావు, కలపడం లేదు. చదివాక ఏం చేయాలో నీకే తెలుస్తుంది.

ఇంకేమీ రాయాలని లేదు. పాప కోసం మాత్రం ఒకటి. మొన్న షాపుకి వచ్చిన పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని, పక్కనున్న భార్యని తేరిపార చూసి, "పాతవే ఇచ్చేయమ్మా" అన్నాడు. ఆవిడ ఆయన్ని ఇంటికి నడిపించుకు వెళ్లిన తీరు చూస్తే, ఆ రోజు ఆయనకి భోజనం దొరికి ఉండదు.

అక్క

*

మార్చి 12

అక్కా,

అందింది. ఇంత సూటిగా ఉంటుందనుకోలేదు. రెండుసార్లు అన్నారని కూడా రాశావు, చాలా థాంక్స్. పొల్లుపోకుండా రాయమంటే ఇంత బాగా రాస్తావని నాకు తెలియదు.

సెలవు వద్దని చెప్పేశాను. మా సూపర్‌వైజరు, "ఏం పాస్టర్, మనసు మార్చుకున్నావా" అన్నాడు. మార్చుకోవడానికి మనసంటూ ఒకటి మిగలాలి కదా.

దేవుణ్ణి ప్రేమిద్దామంటే ఆయన మధ్యలో నిలబడతారు. ఆయన్ని ప్రేమిద్దామంటే దేవుణ్ణి తెచ్చి మధ్యలో పెడతారు. నేను ఎటు రావాలి? నీ మరదలు ఇప్పటికీ భోజనం ముందు ప్రార్థన చేస్తుంది, అందులో ఆయన పేరు కూడా చెబుతుంది. ఆ పేరు వచ్చేసరికి నేను మంచినీళ్లకని లేచి వెళ్తున్నాను.

నాకు ఫోన్ చేయకు, చేసినా ఎత్తను. ఆయన బాగోగులు రాయకు. మనిద్దరి మధ్య గొడవేమీ లేదు, నీ మీద నాకు కోపం లేదు. కానీ ఆయన గురించి ఇక ఒక్క అక్షరం కూడా వద్దు.

తమ్ముడు

*

మార్చి 21

నీ ఉత్తరం షాపులో చదివి, ఒకావిడకి కుడి అద్దం ఎడమకి బిగించి తిట్లు తిన్నాను.

మంచం మీద నుంచి లేవలేని మనిషి, ఒక్కో అక్షరం కూడదీసుకుని, కొడుకు గురించి అంత మాట అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన పడ్డ యాతన నేను కళ్లారా చూశాను. దానికి బదులుగా నువ్వు పంపింది వెటకారం. నాన్న దగ్గర నుంచి పౌరుషం ఒక్కటే తెచ్చుకున్నావు. ఆయన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి, అవి నీకు అక్కర్లేకపోయాయి.

ఆయన సంగతులు రాయొద్దన్నావు, రాయను. బతిమాలతానని అనుకుంటున్నావేమో, అదీ లేదు. పెళ్లీ పెటాకులూ లేకుండా ఈ ఇంట్లో ఉండిపోయింది మీ ఇద్దరి మధ్య రాయబారం నడపడానికి కాదు. నీ గురించి అడిగితే సెలవు దొరకలేదని చెబుతాను. నాన్నతో అబద్ధం ఆడటం నాకు ఇదే మొదలు, అది నీ ఖాతాలో రాసుకో.

అక్క

*

ఏప్రిల్ 18

తమ్ముడూ,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి నాన్న పోయిన కబురు మరదలికి పంపాను. తను వెంటనే ఫోన్ చేసి ఏడ్చింది. నీ గొంతు కోసం చూశాను, వినపడలేదు.

నువ్వు వచ్చావని నాకు తెలుసు. సమాధుల తోట గేటు బయట, పూలమ్మే బండి పక్కన, లిఫ్టు కంపెనీ చొక్కాతోనే నిలబడ్డావు. పనిలోంచి నేరుగా వచ్చేసి ఉంటావు. వడ్రంగి మావయ్య చూసి నాకు చూపించాడు. చెయ్యి ఊపాను. నువ్వు తల దించుకున్నావు.

పెట్టె దించాక అందరూ మట్టి వేశారు. పెద్దలు వేశారు, మావయ్య వేశాడు, చేతికి వ్యాయామం చేయించే ఆవిడ కూడా వచ్చి వేసింది. "కొడుకు రావాలి, ఆగండి" అన్నాడు మావయ్య. అందరూ ఆగారు. పార పట్టుకున్నవాళ్లు కూడా ఆగారు. నేను గేటు వైపు చూశాను. బండి ఉంది, నువ్వు లేవు.

నాన్నకి కొడుకు చేతి మట్టి దక్కలేదు. పోయిన మనిషితో కూడా పంతమేనా?

ఇంతకంటే రాస్తే ఇంకా పరుషంగా రాస్తాను. ఆపేస్తున్నాను.

అక్క

*

ఏప్రిల్ 27

అక్కా,

పంతం కాదు.

బస్సులో వస్తున్నంతసేపూ మట్టి వేయాలనే అనుకున్నాను. గేటు దగ్గర కాలు పడలేదు. బతికుండగా నన్ను రమ్మనని మనిషి. ఇప్పుడు వద్దనడానికి ఆయనకి నోరు లేదు కదా అని లోపలికి దూరితే దొంగతనం చేసినట్టు ఉంటుందనిపించింది. నువ్వు చెయ్యి ఊపడం చూశాను. నువ్వు రమ్మంటే చాలని మనసుకి చెప్పుకున్నాను కూడా. కానీ ఆ తోటలో పెట్టెలో ఉన్నది నువ్వు కాదు.

నన్ను ఎందుకు తిడుతున్నావో అర్థం కావడం లేదు. నేను ఏమీ కల్పించుకోలేదు, నువ్వే రాశావు. మేం వస్తే రానిస్తారా అని అడిగితే, "వానికి సమాధానము లేదు" అన్నారు. రమ్మనలేదు, వద్దనలేదు. నాకు జవాబు చెప్పడం కూడా దండగ అన్నారు. అదీ రెండుసార్లు. వద్దు అని ఉంటే వచ్చి గుమ్మం బయట కూర్చునేవాణ్ణి అక్కా. వద్దు అంటే కనీసం నాతో మాట్లాడినట్టు కదా.

నేను తిండి తింటున్నాను, పనికి వెళ్తున్నాను. కంగారు పడకు.

తమ్ముడు

*

మే 5

తమ్ముడూ,

నీ ఉత్తరం మొదటిసారి చదివితే నాకేమీ తలకెక్కలేదు. ఫిబ్రవరిలో నువ్వు రాసింది తీసి చూశాను. "ఆయన నోటి నుంచే సమాధానం కావాలి" అని రాశావు. అప్పుడు తెలిసింది.

నాన్న అన్నది ఆ సమాధానం కాదురా. జవాబు కాదు. ఆరాధన చివర్లో చేతులెత్తి సంఘం మీద పలికే సమాధానం. మనశ్శాంతి. వాడి మనసుకి శాంతి లేదు, నా కొడుకు ఇంత బాధతో తిరుగుతున్నాడు అని ఏడ్చారు. ఇంటి మాటలు పోయాయని, ప్రసంగం మాటలే మిగిలాయని నీకు రాసింది నేనే. పొద్దున లేస్తే ఆ మాటల మధ్యే తిరుగుతూ, ఆ మాటకి ఇంకో అర్థం ఉందన్న సంగతే నాకు తట్టలేదు. నువ్వు బయట అందరూ మాట్లాడుకునే మాటలాగా చదివావు. అది విని కరిగి పరిగెత్తుకొస్తావని నేను చూశాను. నువ్వు రాకపోతే నీది రాతి గుండె అనుకున్నాను.

ఒకటి నీకు రాయలేదు. రెండోసారి ఆ మాట అన్నాక ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని, "నాకును లేదు" అన్నారు. అది నాతో చెప్పుకున్నారనుకుని రాయలేదు. నా మాట కలపొద్దన్నావు, కలపలేదు. ఆయన మాట ఒకటి దాచేశాను.

నువ్వు వద్దన్నావని ఊరుకున్నవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. గేటు చప్పుడైతే "వచ్చెనా" అనేవారు. సెలవు దొరకలేదంటే "ఎప్పుడు దొరకును" అనేవారు. ఒకరోజు "నా కుమార్తె వచ్చునా" అన్నారు. ఇక్కడే ఉన్నాను కదా నాన్నా అన్నాను. తల అడ్డంగా ఊపి గేటు వైపు చూపించారు. మరదలిని అన్నారు.

పోయే ముందు ఆదివారం సంఘ పెద్దలు ప్రభువు బల్ల రొట్టెని ఇంటికే తెచ్చారు. రొట్టె నోటి దగ్గర పెడితే నాన్న నోరు తెరవలేదు. మింగలేరేమోనని తడిపి పెట్టబోయారు. ముఖం తిప్పుకుని, "కుమారుడు వెలుపల ఉన్నాడు" అన్నారు. "అయ్యగారూ, మీరే ఇలా అంటే మేమేం కావాలి" అన్నాడు పెద్దల్లో ఒకాయన. నాన్న, దుప్పటి మడత పెడుతున్న వడ్రంగి మావయ్య వైపు చూసి, "ఇతడును" అన్నారు. మావయ్య దుప్పటి అక్కడే వదిలేసి బయటికి వెళ్లిపోయాడు. పెద్దలు పళ్లెం మీద గుడ్డ కప్పుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత నాన్న రొట్టె ముట్టలేదు. అలాగే పోయారు. దాని మీద సంఘంలో గుసగుసలు ఇంకా ఆగలేదు.

ఆయనకి దేవుడి మీద ప్రేమ తగ్గిందంటే నేను ఒప్పుకోను. చివరి రోజు కూడా ప్రార్థనకి పెదాలు కదిపారు. నిన్ను బయట నిలబెట్టి తాను ఒక్కడూ తినడం ఆయన వల్ల కాలేదు, అంతే.

కొత్త అయ్యగారు వచ్చేశారు. క్వార్టర్స్ తాళాలు ఇచ్చేశాను, గోడలకి రంగులు వేస్తున్నారు. నేను షాపు పైన గదిలో ఉంటున్నాను. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. అయినా రా. నన్ను తిట్టడానికైనా రా.

అక్క

*

మే 16

అక్కా,

నీ ఉత్తరం చదవడం మొదలుపెట్టింది నేను, పూర్తి చేసింది నీ మరదలు. నేను సగంలోనే చదవలేకపోయాను. "నా కుమార్తె" దగ్గర తను కూడా కాగితం కింద పెట్టేసింది. వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది. ఇన్నేళ్లూ ఆ ముసలాయన కోసం ప్రార్థన చేసింది తను, నేను కాదు.

నిన్ను తిట్టను. ఆ మాటకి అర్థం తెలియనివాణ్ణా నేను? ప్రతి ఆదివారం ఆ దీవెన కింద తల వంచుకునే పెరిగాను. వద్దంటారని ముందే అనుకుని కూర్చున్నాను, అందుకని ఏమన్నా వద్దనే వినిపించేది.

మర్నాడు పనిలో, మెషిన్ రూమ్‌లో ఎవరూ లేనప్పుడు మోకాళ్ల మీద కూర్చున్నాను. ప్రార్థన చేద్దామని "తండ్రీ" అనబోతే "నాన్నా" అని వచ్చింది. ఆపి ఉంచిన లిఫ్టు ఏమైందని కింద జనం గంట కొడుతూనే ఉన్నారు, నేను లేవలేకపోయాను. మా సూపర్‌వైజరు వచ్చి, భుజం పట్టుకుని లేపి, ఏమీ అడక్కుండా ఇంటికి పంపేశాడు.

ఇంట్లో పాప అడిగింది, "తాతయ్య మనల్ని రమ్మన్నారా నాన్నా" అని. మేం మాట్లాడుకుంటుంటే విన్నట్టుంది. తాతయ్య పోయారని దానికి ఇంకా చెప్పలేదు. రమ్మన్నారమ్మా అన్నాను. నేను దానికి చెప్పగలిగిన నిజం అదొక్కటే.

వెంటనే వెళ్లి చెప్పులు తొడుక్కుని వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, "పదండి మరి" అంటోంది. ఎక్కడికని తీసుకురాను అక్కా?

తమ్ముడు